పది అడుగుల వెనుక

ఉత్తర ఢిల్లీలో, విశ్వవిద్యాలయ మెట్రో స్టేషను మెట్ల ముందు, ఫిబ్రవరి ఉదయపు చలిలో నిలబడి మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. నా మిత్రుడు ముందు నడుస్తాడు. నేను పది అడుగుల వెనుక నడుస్తాను. గమ్యం దక్షిణ ఢిల్లీలోని ఐఐటీ ప్రధాన ద్వారం. అంతవరకు నేను పెదవి విప్పరాదు, అతని చెయ్యి పట్టుకోరాదు, "జాగ్రత్త" అనే మాట అసలే అనరాదు.

"ప్రాణం మీదికి వస్తే?" అని అడిగాను.

"అప్పుడు కేక వెయ్యి. కాని నీకు భయం వేసిన ప్రతిసారీ వెయ్యకు. నీ భయం వేరు, నా ప్రమాదం వేరు," అన్నాడతడు.

నాలుగవ ఏట తట్టు సోకి అతని రెండు కళ్లూ పోయాయి. పాతికేళ్ల క్రితం మేమిద్దరం ఆంగ్ల సాహిత్యంలో ఒకే తరగతిలో చదువుకున్నాం. ఆ రోజుల్లో పాఠ్యగ్రంథాలు బ్రెయిలీలో దొరకడం దుర్లభం. సాయంకాలాలు హాస్టలు మేడమీద నేను నవలలు పైకి చదివేవాణ్ణి. అతడు విని, లోహపు పలక మీద సూదిమొన కలంతో చుక్కలు పొడుచుకుంటూ నోట్సు రాసుకునేవాడు. విసుగు పుట్టి నేను ఎప్పుడైనా ఒక పుట దాటేస్తే, వెంటనే కలం ఆపి, "వెనక్కి వెళ్లు" అనేవాడు. ఎక్కడికి పోవాలన్నా నా మోచేయి పట్టుకొని అరడుగు వెనుకగా నడిచేవాడు. ఇప్పుడతడు ఢిల్లీలో ఆంగ్లోపన్యాసకుడు. నేను పుస్తకాలు అనువదించుకొంటూ హైదరాబాదులో బతుకుతున్నాను. అనువాదానికి సంబంధించిన పనిమీద నేను రాజధానికి వచ్చి ఆ ఉదయానికి మూడు రోజులయింది.

ఆ నడక అతనికి వినోదయాత్ర కాదని నాకు తెలుసు. రెండేళ్ల క్రితం ఒక బజారు వీధిలో, ఆగి ఉన్న రిక్షాబండి వెనుక నుంచి పొడుచుకు వచ్చిన ఇనుప ఊచలు అతని నుదుటికి గుచ్చుకున్నాయి. చేతి కర్ర నేలను తడుముతూ ఊచల కింద నుంచి సాఫీగా సాగిపోయింది. తల మాత్రం వాటిని తాకింది. ఏడు కుట్లు పడ్డాయి. గాయం నెలలోపే మానింది గాని, ఆనాటి నుంచి అతడు ఒంటరిగా గడప దాటడం మానుకున్నాడు. ఎవరో ఒకరు వెంట ఉంటేనే కళాశాల, ఎవరో ఒకరు తీరిక చేసుకుంటేనే బజారు. "ముప్పై ఏళ్ల కష్టంతో సంపాదించుకున్న స్వాతంత్ర్యం ఏడు కుట్లకు అమ్ముడుపోయింది," అని ఒకసారి ఫోనులో అన్నాడు. ఇప్పుడు అతని తెల్లకర్ర పిడికి కొత్తగా ఒక చిన్న పరికరం అమర్చి ఉంది. దానితో కొన్ని వారాల పాటు శిక్షకుని సమక్షంలో సాధన చేశాడు. ఊరికి అడ్డంగా ఇంత దూరం వెళ్లడం మాత్రం అదే మొదటిసారి.

పాదాలు చదివే లిపి

ఢిల్లీ మెట్రోలో నేను అనేకసార్లు ప్రయాణం చేశాను. ఆ నేలమీద పసుపుపచ్చని పలకల బాట ఒకటి సాగిపోతుందని చూశాను గాని, దానిని ఎన్నడూ చదవలేదు. ఆ ఉదయం నా మిత్రుని పాదాల వెంట నా కళ్లు నడిచినప్పుడు గాని అది ఒక లిపి అని నాకు తట్టలేదు. ఆ లిపిలో అక్షరాలు రెండే. పలక మీద పొడుగాటి గీతలు ఉబ్బెత్తుగా ఉంటే, ఆ దిశగా సాగిపోవచ్చునని అర్థం. గుండ్రని బొడిపెలు ఉంటే, ముందు మెట్లో, మలుపో, ప్లాట్‌ఫారం అంచో ఉన్నది, ఆగి తెలుసుకోమని అర్థం. ఈ పలకలను 1965లో జపానులో సెయిచి మియాకె అనే ఆయన రూపొందించాడు. 1967 మార్చి 18న ఒకయామా నగరంలో, అంధుల పాఠశాలకు సమీపంలో వాటిని తొలిసారిగా వీధిలో పరిచారు. అక్కడి నుంచి అవి ప్రపంచమంతటా పాకాయి. పసుపు రంగు కూడా అలంకారానికి కాదు. చూపు పూర్తిగా పోక, మసకమసకగా మిగిలి ఉన్నవారికి ఆ రంగు నేలనుంచి విడివడి కనిపిస్తుంది.

అతడు టోకెన్ల కిటికీ, తనిఖీ ద్వారం, మెట్లు ఒకదాని తరువాత ఒకటిగా దాటుకుంటూ పోయాడు. తోడు వస్తానని ముందుకు వచ్చిన ఉద్యోగికి నమస్కరించి, అక్కరలేదన్నాడు. రైలులో కూర్చున్నాక నేను ఎదుటి వరుసలో ఉన్నానని తెలిసి కూడా పలకరించలేదు. ప్రతి స్టేషను పేరునూ, తలుపులు ఏ వైపు తెరుచుకుంటాయన్న సంగతినీ హిందీలో ఒక పురుష స్వరం, ఇంగ్లీషులో ఒక స్త్రీ స్వరం ప్రకటిస్తున్నాయి. ఒకప్పుడు దూరదర్శన్‌లో వార్తలు చదివిన షమ్మీ నారంగ్, రిని సైమన్ ఖన్నాల గొంతులవి. మనలాంటివారికి అవి ప్రయాణంలో కలిసిపోయే రణగొణధ్వనిలో ఒక భాగం. అతనికి అవే కిటికీలు.

హౌజ్ ఖాస్‌లో దిగి మెజెంటా మార్గంలోకి మారాలి. 2018లో ఇక్కడ తెరిచిన ఆ మార్గం భూగర్భంలో చాలా లోతున ఉంది. లిఫ్టు దగ్గర ఆగి అతడు మీటల మీది చుక్కలను వేలితో తడిమాడు. బ్రెయిలీ గురించి అతడు విద్యార్థిదశలో నాకు చెప్పిన ఒక విషయం అప్పుడు గుర్తుకు వచ్చింది. 1951లో రూపుదిద్దుకొన్న భారతీ బ్రెయిలీలో తెలుగు 'క'కూ, హిందీ 'క'కూ, వంగభాషలోని 'క'కూ అవే రెండు చుక్కలు. కంటితో చదివేవారికి మన దేశంలో ఇన్ని లిపుల గోడలు ఉండగా, వేలితో చదివేవారికి ఆ గోడలు లేవు. అనువాదమే వృత్తిగా గల నాకు ఇది కొంత అసూయ కలిగించే సంగతి.

కింది ప్లాట్‌ఫారం అంచున తలుపులతో కూడిన అడ్డుగోడ ఉంది. రైలు వచ్చి ఆగాకనే ఆ తలుపులు తెరుచుకుంటాయి. చూపులేని ప్రయాణికునికి రైల్వే ప్లాట్‌ఫారమంటే ఒక పక్కన గోడలేని మేడవంటిది. ఒక్క అడుగు తప్పితే పట్టాల మీదికే. ఆ అడ్డుగోడకు వీపు ఆనించినంత నిశ్చింతగా అతడు నిలబడి ఉండడం చూసి, నా పది అడుగుల దూరంలో నేను కూడా మొదటిసారిగా ఊపిరి వదిలాను.

ఆకాశం కింద

ఐఐటీ స్టేషను నుంచి పైకి వచ్చేసరికి ఎండ తేటపడింది. బాహ్య వలయ రహదారి మీద వాహనాలు వరదలా పోతున్నాయి. ఇక్కడి నుంచి ప్రధాన ద్వారం ఎంతో దూరం కాదు. కళ్లున్నవాడు కబుర్లు చెప్పుకుంటూ నడిచిపోతాడు. కాని భూగర్భంలో అతణ్ణి ఇంతవరకు నడిపించిన లిపి ఇక్కడ అక్కడక్కడ చెరిగిపోయింది. ఒకచోట పలకలు పగిలి ఉన్నాయి. మరొకచోట పసుపు బాట తిన్నగా పోయి ఒక కరెంటు స్తంభానికి గుద్దుకొని ఆగిపోయింది. దానిని పరిచినవాడు ఆ బాటలో కళ్లు మూసుకొని ఒక్కసారైనా నడిచి ఉండడు.

మిత్రుడు కర్రను చక్కగా చాచి, అడుగుకు అడుగుకు ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకు చాపంలా ఆడిస్తూ నడవసాగాడు. కుడికాలు ముందుకు వేసినప్పుడు కర్ర ఎడమవైపు, ఎడమకాలు వేసినప్పుడు కుడివైపు. తరువాతి అడుగు పడబోయే చోటును కర్ర ముందుగా తాకి చూస్తుంది. ఈ పద్ధతిని రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, అమెరికాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రిలో రిచర్డ్ హూవర్ అనే ఆయన, యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం రూపొందించాడు. కర్రకు తెల్లరంగు అంతకు ముందటిది. 1921లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జేమ్స్ బిగ్స్ అనే ఛాయాచిత్రకారుడు ప్రమాదవశాత్తు చూపు పోగొట్టుకొని, బండ్ల వాళ్లకు కనిపించడం కోసం తన చేతికర్రకు తెల్లరంగు వేసుకున్నాడు. మన దేశంలో ఈ విద్యకు పెద్ద కేంద్రమైన దెహ్రాదూన్ సంస్థ కూడా యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1943లో నెలకొల్పిన వసతి గృహం నుంచి పెరిగినదే. కళ్లులేనివాడు తనంత తాను నడవగలడన్న విశ్వాసంలో చాలా భాగాన్ని లోకం యుద్ధ ఆసుపత్రులలో నేర్చుకున్నది.

కర్ర గొప్ప సాధనమే. గుంత, మెట్టు, రాయి, మురుగుకాలువ, వీటిని దానికంటె నమ్మకంగా చెప్పగల యంత్రం నేటికీ లేదు. కాని అది నేలకు కట్టుబడినది. మోకాలికి పైన ఉన్న లోకం దానికి తెలియదు. తెరిచి ఉన్న కిటికీ రెక్క, దిగి ఉన్న లారీ వెనుక తలుపు, గోడనుంచి పొడుచుకు వచ్చిన ఏసీ పెట్టె, దుకాణం బోర్డు, ఇనుప ఊచలు ఇవన్నీ ఆ పై లోకానివి. నా మిత్రుని ఏడు కుట్లూ ఆ పై లోకం వేసినవే.

వంద గజాలు నడిచామో లేదో, ఫుట్‌పాత్ పక్కనున్న చెట్టు కొమ్మ ఒకటి అతని ముఖానికి సరిగ్గా ఎదురుగా వాలి ఉండడం నాకు కనిపించింది. కర్ర దాని కింద నుంచి పోతున్నది. ఇంకా మూడు అడుగులు... రెండు... నా నాలుక చివరికి "జాగ్రత్త" వచ్చి నిలిచింది. అతడు ఆగాడు. పిడి మీద ఉన్న వేళ్లు బిగుసుకున్నాయి. ఎడమ చెయ్యి మెల్లగా ముఖం ముందుకు ఎత్తి, గాలిలో వెతికి, ఆకులను పట్టుకున్నాడు. ఒక ఆకును రెండు వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. "వేప" అన్నాడు, ఎవరికీ కాదు. తరువాత తల వంచి కొమ్మ కిందుగా దాటిపోయాడు.

రెండేళ్ల భయం తొలగిపోవడాన్ని నేను కళ్లారా చూశానని అంటే అతిశయోక్తి కావచ్చు. కాని ఆ కొమ్మ దాటాక అతని నడకలో ఒక మార్పు వచ్చింది. భుజాలు కిందికి దిగాయి. కర్ర చప్పుడులో ఒక లయ కుదిరింది.

ఆ లయ ఎంతోసేపు నిలవలేదు. కొంచెం ముందు ఫుట్‌పాత్ నిండా మోటారు సైకిళ్లు అడ్డంగా నిలిపి ఉన్నాయి. పరికరం ముందే చెప్పింది. కర్ర కూడా చక్రాన్ని తాకి ధ్రువపరిచింది. ఎడమవైపు తడిమాడు, గోడ. కుడివైపు రోడ్డు. వేరే గత్యంతరం లేదు. అంచు మెట్టు దిగి రోడ్డు వారగా నడవసాగాడు. సరిగ్గా అప్పుడే ఎదురు దిశలో, రాకూడని వైపు నుంచి, ఒక బ్యాటరీ రిక్షా చప్పుడు లేకుండా వచ్చింది.

నేను కేక వేశాను.

అతడు చటుక్కున ఆగి కర్రను నిలువుగా ఎత్తిపట్టుకున్నాడు. రిక్షావాడు బ్రేకు వేశాడు. చక్రానికీ కర్రకూ మధ్య బారెడు దూరం మిగిలింది. "మాఫ్ కర్నా, బాబూజీ," అని రిక్షావాడు వెనక్కి తిప్పుకొని పోయాడు. మిత్రుడు మోటారు సైకిళ్ల వరుస దాటి, మళ్లీ ఫుట్‌పాత్ ఎక్కి, ఏమీ జరగనట్లు నడక సాగించాడు. ఐఐటీ ద్వారం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, "వచ్చావా? ఇప్పుడు మాట్లాడవచ్చు," అన్నాడు.

గబ్బిలం నేర్పిన విద్య

అక్కడ పనిచేసే తన పూర్వ విద్యార్థిని ఒకరిని చూడడానికి అతడు వచ్చాడు. ఆమె రావడానికి కొంత వ్యవధి ఉండగా, క్యాంటీనులో తేనీరు తాగుతూ కూర్చున్నాం. కర్రను నా చేతికిచ్చి, పిడి పట్టుకొని గోడవైపు నడవమన్నాడు. మూడు నాలుగు అడుగుల్లో నా వేళ్ల కింద ఏదో మేలుకొన్నట్లయింది. గోడకు చేరువ అయ్యేకొద్దీ ఆ అదురు తీరు మారింది. కళ్లు మూసుకొని మళ్లీ నడిచాను. ఈసారి గోడ కనిపించలేదు గాని, గోడ ఉన్నదని వేళ్లకు తెలిసింది.

ఈ పరికరం పుట్టింది ఆ ప్రాంగణంలోనే. 2005 ప్రాంతంలో రోహన్ పాల్, మరికొందరు ఇంజినీరింగు విద్యార్థులు తమ చదువులో భాగంగా ఢిల్లీలోని అంధుల సంస్థకు వెళ్లి, అక్కడివారితో మాట్లాడారు. మోకాలికి పైన తగిలే దెబ్బలే తమను ఎక్కువగా బాధిస్తున్నాయని వారు చెప్పారు. ప్రొఫెసర్ ఎం. బాలకృష్ణన్, ప్రొఫెసర్ పి.వి.ఎం. రావుల మార్గదర్శకత్వంలో ఏళ్ల తరబడి సాగిన పరిశోధనలో తాము కూడా చూపులేనివారైన దీపేంద్ర మనోచా, ఆయన సంస్థ సక్షమ్ పాలుపంచుకున్నాయి. బ్రిటనులోని వెల్‌కమ్ ట్రస్టు ఆర్థిక సహాయం చేసింది. చెన్నైలోని ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ వారు తయారీ చేపట్టారు. 2014లో 'స్మార్ట్‌కేన్' అనే పేరుతో అది వెలువడినప్పుడు దాని వెల సుమారు మూడు వేల రూపాయలు. విదేశాలలో ఇటువంటి సాధనాల ధర అంతకు ఎన్నో రెట్లు ఉండేది.

అది పనిచేసే సూత్రం గబ్బిలానిది. మన చెవికి అందనంత సూక్ష్మమైన ధ్వనిని, శాస్త్రజ్ఞులు అతిధ్వని అనేదానిని, పరికరం ముందుకు వెదజల్లుతుంది. ఎదుట వస్తువు ఉంటే ఆ ధ్వని తాకి తిరిగి వస్తుంది. గాలిలో ధ్వని క్షణానికి 340 మీటర్ల వేగంతో పోతుంది గనుక, మూడు మీటర్ల దూరంలోని వస్తువును తాకి వెనక్కి రావడానికి దానికి క్షణంలో యాభయ్యవ వంతు కూడా పట్టదు. ఆ వ్యవధిని లెక్కించి, పరికరం దూరాన్ని వేళ్ల కింద అదురుగా మార్చి చెబుతుంది. ఆరుబయట మూడు మీటర్ల వరకు, ఇంట్లోనో గుంపులోనో అయితే 1.8 మీటర్ల వరకు మాత్రమే చూసేలా అమర్చుకోవచ్చు. లేకపోతే జనసమ్మర్దంలో అది ఆగకుండా మొరపెడుతూనే ఉంటుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. లెస్లీ కే అనే ఇంజినీరు 1960ల నాటికే అతిధ్వనితో పనిచేసే టార్చిలైటు వంటి సాధనాన్ని, తరువాత న్యూజిలాండులో కళ్లజోడులో అమర్చిన సాధనాన్ని తయారుచేశాడు. ఆ కళ్లజోడు ఎదుటి వస్తువులను చెవులలో రకరకాల స్వరాలుగా వినిపించేది. నేటి కళ్లజోళ్లలో చిన్న కెమెరాలు ఇమిడి, ఎదుట ఉన్న అక్షరాలను, ముఖాలను మాటలలో చెబుతున్నాయి.

"అయితే నువ్వు ఆ మాట్లాడే కళ్లజోడు ఎందుకు పెట్టుకోవు?" అని అడిగాను.

"గదిలో ఉత్తరం చదువుకోవడానికి పెట్టుకుంటాను. వీధిలో పెట్టుకోను," అన్నాడు. "నాకు చెవులే కళ్లు. ఆ చెవిలో ఇంకొకరు ఎడతెగకుండా మాట్లాడుతుంటే, బస్సు ఎంత దూరంలో ఉందో నాకెలా తెలుస్తుంది? అందుకే ఈ పరికరం వేళ్లతో మాట్లాడుతుంది. చెవిని చెవిగా వదిలేస్తుంది."

కాస్సేపు ఆగి, "ఇందాక నువ్వు కేక వేశావు," అన్నాడు.

"ప్రాణం మీదికి వచ్చింది గదా!"

"వచ్చిందేమో. నీ కేకలో తప్పు పట్టడం లేదు. కాని ఒక్క సంగతి విను. ఎదురుగా టైర్ల కింద ఇసుక నలిగిన చప్పుడు నాకు వినపడింది. అది ఎటు పోతుందో పోల్చుకుంటుండగా వెనుక నుంచి నీ గొంతు వచ్చింది. ఒక్క క్షణం నా చెవి దానిని వదిలేసి నీ వైపు తిరిగింది. సహాయం చేసేవాళ్లందరూ దగ్గరకు వచ్చి ముందు నా చెవులు మూస్తారు. మీకు తెలియదు."

నేను జవాబు చెప్పలేకపోయాను. పాతికేళ్లుగా నేను అతనికి సహాయం చేస్తూనే వచ్చానని అనుకుంటున్నాను.

సికింద్రాబాదు చెప్పులు

మాట మార్చడానికన్నట్లు అతడు మన ఊరి ముచ్చట ఎత్తాడు. "సికింద్రాబాదులో దారి చెప్పే చెప్పులు తయారుచేశారట, నువ్వెప్పుడైనా చూశావా?" అన్నాడు. చూడలేదు గాని, వాటి కథ చదివాను. క్రిస్పియన్ లారెన్స్, అనిరుధ్ శర్మ అనే యువకులు స్థాపించిన డుసేరె టెక్నాలజీస్ అనే సంస్థ 2014లో 'లేచల్' పేరుతో ఈ పాదరక్షలను లోకానికి పరిచయం చేసింది. చేతి ఫోనులోని పటంతో చెప్పుల అట్టలను అనుసంధానం చేశారు. ఎడమకు తిరగవలసి వస్తే ఎడమ పాదం కింద, కుడికి తిరగవలసి వస్తే కుడి పాదం కింద అదురు పుడుతుంది. చెవికి పనిలేదు, చెయ్యి ఖాళీ. ఎదుట ఉన్న గోడను చెప్పడం వాటి పని కాదు, మలుపును చెప్పడమే పని. చూపున్నవారు కూడా నడకకూ వ్యాయామానికీ కొనుక్కుంటే, ఆ రాబడితో చూపులేనివారికి చవకగా అందించవచ్చునన్నది వారి ఆలోచన.

"లే చల్ అంటే తెలుగులో ఏమంటావు?" అని అనువాదకుణ్ణి పరీక్షించాడు.

"నన్ను తీసుకుపో."

"అర్థం సరిపోయింది. కాని నాకు కావలసినది ఆ మాట కాదు. ఇన్నాళ్లూ అందరినీ అదేగా అడిగాను. 'పోనీయి' అనాలి," అన్నాడు. అనువాదం చెడింది గాని, అతడు చెప్పదలచినది అర్థమయింది.

ఎవరి బాధ్యత ఎంత?

తిరుగు దారిలో నేను అతని పక్కనే నడిచాను. ఆ మోటారు సైకిళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి. వాటిని చూస్తుంటే, పొద్దుటి నుంచి నేను చూసినదంతా ఒక లెక్కగా నా మనసులో నిలిచింది. గుంతను కర్ర చెప్పింది. కొమ్మను పరికరం చెప్పింది. వాహనాన్ని చెవి చెప్పింది. ముగ్గురూ తమ తమ పని తప్పకుండా చేశారు. అయినా అతడు రోడ్డు మీదికి దిగవలసి వచ్చింది. ఫుట్‌పాత్ మూసుకుపోయిందని పరికరం నిక్కచ్చిగా చెప్పగలదు, దానిని తెరవలేదు. ఎంత తెలివైన యంత్రమైనా వార్తాహరుడే. ఆ వార్త విని చేయవలసిన పని నగరానిది.

మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం దృష్టిలోపం ఉన్నవారు యాభై లక్షలకు పైబడి ఉన్నారు. వారి రాకపోకలకు అనువుగా బహిరంగ ప్రదేశాలు ఉండాలని 1995 నాటి చట్టమూ చెప్పింది, దాని స్థానంలో వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమూ చెప్పింది. చూపులేనివారైన రాజీవ్ రతూరి ఈ విషయమై 2005లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. కోర్టు 2017లో తీర్పు ఇచ్చి కొన్ని గడువులు విధించింది. అవి ఎంతవరకు అమలయ్యాయో పరిశీలించే పని 2023లో మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వికలాంగ అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ నివేదికను ఆధారం చేసుకొని 2024 నవంబరు 8న కోర్టు మరొక తీర్పు వెలువరించింది. ఈ ప్రమాణాలు పాటిస్తే పాటించవచ్చునన్న సలహాలుగా మిగిలిపోరాదనీ, తప్పనిసరిగా పాటించవలసిన నియమాలు ఉండితీరాలనీ దాని సారాంశం.

ఈ మాటలు మిత్రునితో అన్నాను. "స్తంభానికి గుద్దుకొని ఆగిపోయిన పసుపు బాటను చూశావు గదా," అన్నాడతడు. "అది సలహా పాటించిన పద్ధతి. బాట వెయ్యమన్నారు, వేశారు. దానిమీద మనిషి నడుస్తాడని వాళ్లకు ఎవరూ చెప్పలేదు."

ఆ మాటలో కోపం లేదు. ఒక పాఠాన్ని ఎన్నోసార్లు బోధించిన ఉపాధ్యాయుని ఓర్పు ఉన్నది. నాకు మాత్రం సిగ్గు వేసింది. నా స్కూటరును ఎన్నిసార్లు అలా ఫుట్‌పాత్ మీద నిలిపి, "రెండు నిమిషాలే కదా" అనుకొని పోయానో లెక్కలేదు. ఆ రెండు నిమిషాల్లో ఎవరు రోడ్డు మీదికి దిగారో నేను వెనక్కి తిరిగి చూసి ఎరుగను.

ఐఐటీ స్టేషనులో మా దారులు విడిపోయాయి. నేను అదే మెజెంటా మార్గంలో విమానాశ్రయం వైపు పోవాలి; అతడు హౌజ్ ఖాస్ వైపు. అతని రైలు ముందు వచ్చింది. ఈసారి అతని వెనుక పది అడుగుల దూరంలో ఎవరూ లేరు. ఎక్కేముందు ఒకసారి నా మోచేయి పట్టుకున్నాడు, హాస్టలు రోజులలో పట్టుకున్నట్లే. "ఇది అవసరానికి కాదు, అలవాటుకు," అని నవ్వి వదిలేశాడు. తలుపులు మూసుకున్నాయి.

విమానం కోసం వేచి ఉండగా ఫోను మోగుతుందేమోనని ఒకటికి పదిసార్లు చూసుకున్నాను. నేనే చేసి కనుక్కుందామని వేలు పెట్టి, మళ్లీ తీసేశాను. వీధిలో నడిచేవాని చెవి ఎంత విలువైనదో ఆ ఉదయమే నేర్చుకున్నాను. దాదాపు గంటన్నర తరువాత సందేశం వచ్చింది, తెలుగులో, అక్షరదోషం ఒక్కటి లేకుండా:

"ఇల్లు చేరాను. నుదురు క్షేమం. ఈసారి నువ్వు పుట దాటేయలేదు."